వెలిసిన సానరాయి పాడైన రాయి కాదు

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో చేతిపనిముట్ల సంరక్షణ గురించి వచ్చిన వ్యాసం శ్రద్ధగా చదివాను. ఇటువంటి విషయాలకు పత్రికల్లో చోటు దొరకడమే అరుదు కనుక ముందుగా వ్యాసకర్తకు కృతజ్ఞతలు. అయితే అందులో సహజ సానరాళ్ల గురించి రాసిన రెండు వాక్యాలు సరికావు. వెలుతురులో ఉండి రంగు వెలిసిన సానరాయి సత్తువ పోయిన రాయి అనీ, అటువంటిదాన్ని పక్కన పెట్టెయ్యడమే మంచిదనీ మొదటి వాక్యం. వాడిన తరువాత రాయిని ఎండలో బాగా ఆరబెట్టాలన్నది రెండోది. మొదటిదాన్ని నమ్మితే మంచి రాయి చెత్తలోకి పోతుంది, రెండోదాన్ని నమ్మితే మంచి రాయి పగులుతుంది. ఉలులకూ చిత్రికలకూ రోజూ పదును పెట్టుకునేవాణ్ణి కాబట్టీ, పై రెండు పొరపాట్లలో మొదటిదాన్ని ఒకప్పుడు నేనే చేశాను కాబట్టీ ఈ ఉత్తరం రాస్తున్నాను.

కొన్నేళ్ల కిందట పలకరాయి జాతికి చెందిన పాత సానరాయి ఒకటి, వర్ణన చదివి, తెప్పించుకున్నాను. అమ్మినాయన దాన్ని నీలిబూడిద రంగు రాయి అన్నాడు. పొట్లం విప్పితే చేతికి వచ్చింది ఎండుగడ్డి రంగు రాయి, ఎక్కడో కాస్త ఆకుపచ్చ ఛాయ మిగిలి ఉంది. మోసపోయానని నిశ్చయించుకుని ఆయనకు ఘాటుగానే ఉత్తరం రాశాను. ఆయన నొచ్చుకోలేదు. రాయి ఒక పక్కన అంటించిన పాత కాగితపు చీటీని తడిపి తీసి, దాని కింద ఏముందో చూడమని మాత్రం జవాబిచ్చాడు. చీటీ నాని ఊడి వచ్చేసరికి, దాని మేరకు సరిగ్గా, గీత గీసి రంగు వేసినట్టు, నీలిబూడిద రంగు దీర్ఘచతురస్రం బయటపడింది. ఆ చీటీ మూల ఒకటి ఎప్పుడో చిరిగిపోయింది, ఆ చిరుగు ఆకారం కూడా రాయి మీద అచ్చుపడి ఉంది. (పాతవస్తువులు సేకరించేవారు చీటీ పీకినందుకు నన్ను క్షమించరు. ఇప్పుడైతే నేనూ పీకను.) ఆయనకు క్షమాపణ చెప్పుకుంటూ రెండో ఉత్తరం రాయవలసి వచ్చింది.

తరువాత గాజుపలక మీద సిలికాన్ కార్బైడ్ అనే గట్టి గరుకు పొడి చల్లి, నీళ్లు పోసి, రాయి ముఖాన్ని దాని మీద రుద్దాను. మొదట దిగిన బురద పాలిపోయిన గడ్డి రంగులో ఉంది. ఇంకాసేపటికి నీలం కలిసిన బూడిద రంగు బురద రావడం మొదలైంది. రాయి ఎత్తి కడిగి చూస్తే ముఖమంతా చీటీ కింది రంగే. అరిగినది కొలవబోతే మందపాటి కాగితమంత కూడా లేదు. అంటే వెలిసినదల్లా పైపొర మాత్రమే, దాని కింద రాయి గనిలోంచి వచ్చిననాడు ఎలా ఉందో అలాగే ఉంది. సానరాయి అన్నది వాడేకొద్దీ తన పాత ముఖాన్ని తానే అరగదీసుకునే వస్తువు కాబట్టి, రోజూ పనిలో ఉండే రాయి వాడే ముఖం వెలియదు. అదే రాయి పక్కలు వెలుస్తాయి. అరమరలో అలంకారానికి పెట్టిన రాయి ఒళ్లంతా వెలుస్తుంది. అందుకే ఈ సంగతి పనివాళ్ల కంటే సేకరించేవాళ్ల కళ్లకే ముందుగా పడుతుంది.

ఇక్కడొక సందేహం న్యాయమైనదే. చీటీ వెలుతురును మాత్రమే ఆపదు, గాలినీ తేమనూ చేతి జిడ్డునూ కూడా ఆపుతుంది. కనుక చీటీ సాక్ష్యం ఒక్కటే చాలదనిపించి, ఆ రాయి అంచు నుంచి మూడు పలుకులు కోసి, మూడింటినీ ఒకే గరుకుతో నునుపు చేశాను. ఒకదాన్ని బిగుతు మూత ఉన్న గాజు సీసాలో పెట్టి ఎండ పడే కిటికీలో ఉంచాను. రెండోదాన్ని అలాంటి సీసాలోనే పెట్టి, సీసా చుట్టూ నల్ల కాగితం చుట్టి, మొదటిదాని పక్కనే నిలబెట్టాను. మూడోది బల్ల సొరుగులోకి వెళ్లింది. నల్ల కాగితం ఎండను పీల్చి మరింత వేడెక్కుతుంది కనుక, రంగు మార్పుకు వేడి కారణమైతే రెండో పలుకే ముందు మారాలి. నాలుగు నెలలకు మూడింటినీ తడిపి పక్కపక్కన పెట్టి చూస్తే కిటికీలో బట్టబయలుగా ఉన్నది స్పష్టంగా పాలిపోయింది. నల్ల కాగితంలోదానికీ సొరుగులోదానికీ తేడా నా కంటికి కనిపించలేదు. ఆ రాయి విషయంలో రంగు తీసింది వెలుతురే.

రాయి అంటే కాలానికీ ఎండకూ చెక్కుచెదరనిదని మనకొక నమ్మకం, అది చాలావరకు నిజం కూడా. మ్యూజియాల్లో నీటిరంగుల చిత్రాలకూ పాత బట్టలకూ 50 లక్స్‌కు మించి వెలుతురు (లక్స్ అంటే వెలుతురును కొలిచే ప్రమాణం) పడనివ్వరు కాని రాతి వస్తువులకు 300 లక్స్ అయినా, అంతకు మించినా పెద్దగా పట్టించుకోరు. మిట్టమధ్యాహ్నపు ఎండ దాదాపు లక్ష లక్స్ అన్నది గుర్తుంచుకుంటే, కిటికీ పక్కన పెట్టిన రాయి ఏ మ్యూజియం వస్తువూ ఎరగని పరీక్షను రోజూ ఎదుర్కొంటున్నదని అర్థమవుతుంది. అయినా రాయిలోని ఖనిజాలు చాలావరకు తట్టుకుంటాయి. భూమిని చేరే సూర్యకాంతిలో అతి బలమైన అతినీలలోహిత కిరణం తరంగదైర్ఘ్యం సుమారు 300 నానోమీటర్లు, దాని శక్తి దాదాపు 4.1 ఎలక్ట్రాన్ వోల్టులు (అణువుల స్థాయిలో శక్తిని కొలిచే ప్రమాణం). సానరాయిలో అసలు పని చేసే సిలికాలో సిలికాన్‌కూ ఆక్సిజన్‌కూ మధ్య ఉండే బంధం తెగడానికి 4.7 దాకా కావాలి. కార్బన్ పరమాణువుల మధ్య ఉండే మామూలు బంధానికి 3.6 చాలు. అందువల్ల ఎండ సిలికా జోలికి పోలేదు గాని, సముద్రపు అడుగున బురద గట్టిపడి రాయి అయినప్పుడు ఆ బురదతోపాటు చిక్కుకుపోయిన సేంద్రియ పదార్థం ఎక్కడైనా పైపొరలో మిగిలి ఉంటే, దాన్ని విరగ్గొట్టి రంగు తీసేయగలదు. బట్టలోని అద్దకం వెలిసే తీరూ ఇదే. ఆ పదార్థం భూగర్భపు వేడికి పూర్తిగా గ్రాఫైట్ లాంటి కార్బన్‌గా మారిపోయిన చోట మాత్రం ఎండకు పని ఉండదు. కార్బన్ వల్ల నల్లగా ఉండే ఆర్కన్సా రాయి (అమెరికాలో దొరికే సానరాయి) ఒకటి నా బల్ల మీద కిటికీకి ఎదురుగా ఏళ్ల తరబడి ఉంది, నలుపు ఏమాత్రం తగ్గలేదు.

వెలుతురుకు లొంగేది ఇంకొకటి ఉంది. స్ఫటికాల అమరికలో చిన్న లోపాల దగ్గర ఎలక్ట్రాన్లు చిక్కుకుని రంగునిస్తాయి, వెలుతురు తగిలితే అవి విడివడతాయి. ఊదారంగు అమెథిస్ట్‌ను ఎక్కువకాలం ఎండలో ఉంచవద్దని నగల పనివారు హెచ్చరించేది ఇందుకే. ఆర్సెనిక్, గంధకం కలిసిన ఎర్రని రియల్గార్ ఖనిజం వెలుతురులో పసుపు పొడిగా మారిపోవడం వేరే కథ, అక్కడ అణువుల అమరికే మారుతుంది. ఇసుక రేణువులలో చిక్కిన ఎలక్ట్రాన్లను ఎండ ఎంత త్వరగా ఖాళీ చేస్తుందంటే, 1985 నుంచి శాస్త్రజ్ఞులు ఆ గుణాన్నే గడియారంగా వాడుకుని, ఒక మట్టిపొర చివరిసారి ఎండ చూసి ఎన్నాళ్లయిందో లెక్కకడుతున్నారు. ఆ మార్పు కంటికి కనిపించదు కాబట్టి మన సానరాళ్లకు దానితో నేరుగా సంబంధం లేదు. రాయిని వెలుతురు ముట్టుకోదన్న మాట సరికాదని చూపించడానికే దాన్ని ప్రస్తావించాను.

ఈ విషయంలో పొరపాటు రెండు వైపులా జరుగుతుందని ఇప్పుడు చెప్పాలి. వెలిసిన రాయిని పాడైనదనడం ఒకవైపు. రాయిలో కనిపించే ప్రతి రంగు మార్పునూ వెలుతురు ఖాతాలో వేయడం రెండోవైపు. నా అనుభవంలో రెండోదే ఎక్కువ తికమక పెడుతుంది.

ఇనుమును తీసుకోండి. పలకరాళ్లలో ఆకుపచ్చ రంగు సాధారణంగా క్లోరైట్ అనే ఖనిజంలోని ఇనుము వల్ల వస్తుంది, ఎరుపూ ఊదా రంగులు హెమటైట్ అనే ఇనుప ఖనిజం వల్ల వస్తాయి, పసుపూ గోధుమ రంగులు తుప్పు జాతి ఖనిజాల వల్ల. బెల్జియంలోని ఆర్డెన్ కొండల్లో వియెల్‌సామ్ పరిసరాల గనుల్లో కోటిక్యూల్ అనే లేతపసుపు సానరాయి పొర, ఊదానీలం రాయి ఒకదానికొకటి అంటుకునే దొరుకుతాయి. ఊదానీలానికి ఆ రంగు ఇచ్చేది హెమటైట్. హెమటైట్‌లో ఇనుము ఇప్పటికే పూర్తిగా ఆక్సీకరణం చెంది ఉంటుంది కాబట్టి దానికి ఎండ చేయగలిగింది ఏమీ లేదు, వేల ఏళ్ల నాటి గుహచిత్రాల్లో ఎర్రమన్ను ఎర్రగానే మిగిలింది కూడా అందుకే. ఇనుము కార్బనేట్ రూపంలో ఉన్న రాయి సంగతి అలా కాదు. అమెరికాలోని వెర్మాంట్‌లో ఇంటికప్పుల పలకలు తీసే గనులవాళ్లు తమ ఆకుపచ్చ పలకలను రంగు మారేవనీ మారనివనీ మొదటి నుంచే వేరుచేసి అమ్మేవారు. మారే రకం కప్పు మీదికెక్కిన కొద్ది ఏళ్లలోనే గోధుమ రంగుకు తిరుగుతుంది. అమెరికా భూగర్భ సర్వే సంస్థలో పలకరాళ్ల మీద పనిచేసిన టి. నెల్సన్ డేల్ దీనికి కారణం ఇనుము కలిసిన కార్బనేట్ గాలికీ తేమకూ తుప్పుగా మారడమేనని గుర్తించాడు. కప్పు మీద ఎండ కూడా పడుతుంది కనుక చూసేవారు ఎండనే నిందిస్తారు. నా దగ్గరున్న మరో ఆకుపచ్చ రాయిని తడిగుడ్డలో చుట్టి మూత బిగించిన రేకు డబ్బాలో మరిచిపోయాను, ఒక వానాకాలం గడిచాక తీస్తే దాని నిండా గోధుమ మచ్చలు. వెలుతురు మొహం చూడకుండానే రంగు మారిందది. ఒక మాటలో చెప్పాలంటే వెలుతురు రంగును సాధారణంగా పలచబరుస్తుంది, తుప్పు కొత్త రంగును తెస్తుంది, అదీ మచ్చలుగానో నెర్రెల వెంబడి చారలుగానో తెస్తుంది.

నూనె మరో దొంగ. నూనెతో వాడే రాళ్లలోకి అది ఇంకి రంగును ముదురు చేస్తుంది, ఇది అందరికీ తెలిసిందే. అంతగా తెలియనిది ఏమిటంటే, అవిసె నూనె వంటి గట్టిపడే నూనెలు చీకట్లో పసుపెక్కుతాయి, వెలుతురులో పెడితే ఆ పసుపు కొంతవరకు తగ్గుతుంది. తైలవర్ణ చిత్రకారులు దీన్ని ఎప్పటినుంచో ఎరుగుదురు. పూర్వం ఎవరో అటువంటి నూనె వాడిన రాయిని పెట్టెలోంచి తీసి కిటికీలో పెట్టినప్పుడు తెల్లబడితే, వెలిసింది రాయి కాదు, దాని ఒంటిని పట్టుకున్న నూనె. ఖనిజ నూనె గట్టిపడదు కనుక దానితో ఈ పేచీ లేదు.

తడి గురించి ఒక్క మాట. పొడి రాయి పైపొరలోని సన్నని రంధ్రాలూ గీతలూ వెలుతురును చెల్లాచెదురు చేసి తెల్లగా కనిపిస్తాయి, నీళ్లు వాటిని నింపితే ఆ చెదురుబాటు తగ్గి రంగు ముదురుతుంది. అలాగే ముతక గరుకుతో రుద్దిన ముఖం, నునుపు చేసిన ముఖం కంటే పాలిపోయి కనిపిస్తుంది. రెండు రాళ్లనో, ఒకే రాయి రెండు ముఖాలనో పోల్చదలచినవారు రెండింటినీ ఒకే గరుకుతో సరిచేసి, తడిపి, ఒకే వెలుతురులో చూడకపోతే ఆ పోలికకు అర్థం లేదు. ఫొటోలు చూసి తీర్పులు చెప్పడం సంగతి ఇక వేరే చెప్పనక్కరలేదు. ఆ తప్పు చేసినవాణ్ణే మాట్లాడుతున్నాను.

ఇదంతా రంగుల ముచ్చట మాత్రమే అయితే మీ విలువైన స్థలం కోరేవాణ్ణి కాదు. రంగును చూసి రాయి నాణ్యతను నిర్ణయించే అలవాటు పాతది. జర్మనీలోని థురింజియాలో తవ్విన సానరాళ్లను, క్షురకత్తులకు పేరు పడినవి, ముదురు నీలం, లేత ఆకుపచ్చ, పసుపు కలిసిన ఆకుపచ్చ అని రంగు పేరు ముద్రించిన చీటీలతో అమ్మేవారు. పసుపు వైపు మొగ్గిన రాయి ఎక్కువ నున్నని వాదర ఇస్తుందన్న మాట నేటికీ కొనేవారి నోట వినిపిస్తుంది. జపాన్‌లో క్యోటో పరిసరాల గనుల నుంచి వచ్చిన సానరాళ్లకు కూడా లేత నీలిపచ్చ, పసుపు పలక, కాకి నలుపు వంటి అర్థాలిచ్చే పేర్లున్నాయి. గనిలో ఏ పొర ఎలా పని చేస్తుందో చేతితో తెలిసిన మనిషి, రాయి తాజాగా బయటికి వచ్చినప్పుడు పెట్టిన పేర్లవి, ఆ మేరకు వాటిలో అనుభవం ఉంది. దశాబ్దాలు కిటికీలో గడిపిన రాయి పక్కలు చూసి ఇది ఫలానా రంగు, కాబట్టి ఫలానా తరగతి అని తేల్చడంలో మాత్రం ఆ అనుభవం లేదు. నా రాయి రెండు ఉత్తరాల మధ్య కాలంలో తరగతి మారలేదు కదా! రుద్దక ముందు ఎండుగడ్డి రంగు ముఖం మీద ఒక ఉలికీ, రుద్దాక నీలి ముఖం మీద అదే ఉలికీ పదును పెట్టి, మెత్తని కొయ్య అడ్డుకోత మీద ప్రయత్నించాను. రెండుసార్లూ కోత ముఖం ఒకే మెరుపుతో, నార చెదరకుండా వచ్చింది.

ఇందులో వింత లేదు. ఉక్కును కోసేది రాయిలోని గట్టి రేణువు. ఆర్కన్సా రాయిలో అది అతి సన్నని క్వార్ట్జ్, మోస్ కొలమానంలో దాని గట్టిదనం 7. కోటిక్యూల్‌లో అది కొద్ది మైక్రాన్ల నుంచి 20 మైక్రాన్ల వరకు ఉండే మాంగనీసు గార్నెట్. రేణువు పరిమాణం, ఆకారం, ఎంత దట్టంగా ఉంది, దాన్ని పట్టి ఉంచిన మెత్తని పదార్థం ఎంత తేలికగా వదులుతుంది అన్న నాలుగు విషయాలే పదును తీరును నిర్ణయిస్తాయి. కాగితమంత మందంలో వర్ణకం పోయినంత మాత్రాన ఈ నాలుగింటిలో ఒక్కటీ మారదు.

ఎండలో ఆరబెట్టమన్న సలహాకు నా అభ్యంతరం రంగు కోసం కాదు. పొరలు పొరలుగా ఏర్పడిన రాళ్లలో మట్టి ఖనిజాలు ఉంటే అవి నీళ్లకు ఉబ్బి, ఆరినప్పుడు ముడుచుకుంటాయి. తడిసిన రాయిని ఎండలో పెడితే పైపొర ముందుగా ఆరి ముడుచుకుంటుంది, లోపల ఇంకా తడి ఉంటుంది, ఆ లాగుడుకు పొర వెంబడి నెర్రె పుడుతుంది. జపాన్ రాళ్ల పక్కలకు లక్క పూసేది నీళ్లు పొరల్లోకి చొరబడకుండా ఉండడానికే. ఎండ ఆ రాయి రంగును ఏమీ చేయలేకపోయినా, ఆ లక్కపూతను మాత్రం అతినీలలోహిత కిరణాలు మెరుపు పోగొట్టి పెళుసు చేస్తాయి, ఆ తరువాత రక్షణ ఉండదు. వాడిన రాయిని కడిగి, గుడ్డతో ఒత్తి, గాలి ఆడే నీడలో నిలబెట్టి ఆరనిస్తే చాలు. పూర్తిగా ఆరకుండా డబ్బాలో మూసిపెడితే ఏమవుతుందో పైన నా తడిగుడ్డ కథ చెప్పింది.

తన రాయి వెలుతురుకు మారే రకమా కాదా అని తెలుసుకోదలచిన పాఠకులు నాలాగా రాయిని కోయనక్కరలేదు. పని చేయని పక్క ఒకటి ఎంచుకుని, దాన్ని సన్నని గరుకుకాగితంతో సమంగా రుద్ది, ఆ పక్కలో సగాన్ని అల్యూమినియం రేకుతో గట్టిగా చుట్టి, రేకు అంచు ఎక్కడికి వచ్చిందో పెన్సిల్‌తో గుర్తు పెట్టి, కిటికీ లోపలివైపు నాలుగైదు నెలలు పొడిగా ఉంచండి. మామూలు కిటికీ అద్దం 310 నానోమీటర్లకు దిగువ కిరణాలను దాదాపు ఆపేస్తుంది కనుక బయటి ఎండ కంటే నెమ్మదిగా జరుగుతుంది, కాని వాన, మంచు బెడద ఉండదు. రేకు విప్పాక పక్కను తడిపి చూడండి. గీత కనిపిస్తే వెలుతురు పని. పక్క మొత్తం ఒకే తీరున మారితే గాలినో తేమనో అనుమానించాలి. ఏ మార్పూ లేకపోతే రాయి ఎక్కడ పెట్టుకున్నా ఒకటే.

వ్యాసంతోపాటు అచ్చయిన ఫొటోలో, పారవేయదగినదని చూపిన రాయి ఎడమ అంచున సన్నని ముదురు పట్టీ ఒకటి కనిపిస్తోంది. అది ఎన్నాళ్లో ఏదో కొయ్య చట్రంలో ఇమిడి ఉన్న భాగంలా ఉంది. వ్యాసకర్త ఆ రాయిని ఇంకా పారవేయకపోతే, దాని ముఖాన్ని ఒకసారి గాజుపలక మీద రుద్ది, ఆ పట్టీ రంగే కిందినుంచి వస్తుందో లేదో చూసి, ఫలితం ఏదైనా సరే మీ పత్రికలోనే తెలియజేయమని కోరుతున్నాను.

భవదీయుడు,
చెక్కపని చేసే ఒక పాఠకుడు